మొదటి బెంచీ సంగతి

మా బడిలో ఏ గొడవ జరిగినా టీచరు చూపు వెనక బెంచీ మీదికే పోయేది. నత్తి ఉన్న ఒక కుర్రాణ్ణి రోజూ ఏడిపించింది మాత్రం మొదటి బెంచీ. పాఠం చదవమని వాణ్ణి లేపగానే ఫస్ట్ ర్యాంకు వాళ్లు వాడిలాగే మొదటి అక్షరాన్ని సాగదీసి పలికేవాళ్లు. అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే క్లాస్ లీడరూ వాళ్లలో ఒకడే. 'వండర్', 'ఎ సైలెంట్ వాయిస్' సినిమాలు పక్కపక్కన పెట్టి చూస్తుంటే నాకు ఆ బోర్డే గుర్తొచ్చింది.

ఆర్.జె. పలాసియో 2012లో రాసిన నవలే 2017లో 'వండర్' సినిమా అయింది. పుట్టుకతోనే ముఖం వేరుగా ఉన్న ఆగీ న్యూయార్క్‌లో మొదటిసారి బడికి వెళతాడు. వేధించే జూలియన్ డబ్బున్నవాళ్ల గారాల కొడుకు. క్లాస్ ఫొటోలోంచి ఆగీని చెరిపేసింది వాళ్లమ్మే. చివరికి జూలియన్‌ను బడి మాన్పించి తీసుకుపోతారు. చెడ్డవాడు పోయాడు, మన మనసు కుదుటపడింది. నవలలో ఆరుగురు పిల్లలు కథ చెబుతారు, వాళ్లలో జూలియన్ లేడు. అతని వైపు కథను పలాసియో 2014లో విడిగా రాసింది.

ఇదే కథలో ఇంకా లోతైన గాయం ఒకటుంది. హాలోవీన్ రోజున ముసుగులో ఉన్న ఆగీ, ప్రాణస్నేహితుడు జాక్ తన ముఖం గురించి అన్న మాట చెవులారా వింటాడు. ఆ మాట అన్నది మంచి పిల్లాడే. కథ అక్కడే నిలబడి ఉంటే ఎంత బాగుండేది!

'ఎ సైలెంట్ వాయిస్' అక్కడి నుంచే మొదలవుతుంది. ఒయిమా యోషితోకి గీసిన మాంగాను యమదా నవోకో 2016లో యానిమేషన్ సినిమాగా తీసింది. వినపడని షోకో కొత్తగా క్లాసులో చేరుతుంది. ఐదు నెలల్లో ఎనిమిది వినికిడి యంత్రాలు పోతాయి. అదే క్లాసులోని ఇషిదా అనే కుర్రాడు ఒకసారి యంత్రాన్ని లాగితే ఆమె చెవి నుంచి నెత్తురు కారుతుంది. ప్రిన్సిపాల్ క్లాసుకు వచ్చి అడిగినప్పుడు, అంతకాలం చూసీ చూడనట్టున్న టీచరు ఇషిదాను నిలబెట్టి అరుస్తాడు. వాడు మిగతావాళ్ల పేర్లు చెబితే, కళ్లజోడు, రెండు జడల అమ్మాయి కవాయ్ తానేమీ చేయలేదని ఏడుస్తుంది. ఆ ఏడుపు నాటకం కాదు, నిజంగానే నమ్ముతోంది. నాకు భయం వేసింది అందుకే. ఆమె నోట చెడ్డమాట రాదు. అలాంటి మర్యాద మాట మన దగ్గరా ఉంది, 'వికలాంగులు' బదులు 'దివ్యాంగులు' అంటున్నాం. గౌరవంగా పిలవడం అవసరమే. కానీ ఆ మాట నేర్చిన నోరే పక్కవాళ్ల వెక్కిరింతకు నవ్వగలదని కవాయ్‌ని చూస్తే తెలుస్తుంది.

ఈ సినిమాలోనూ లోటుంది. షోకో మాటిమాటికీ క్షమాపణ అడుగుతూనే ఉంటుంది, ఆమె కోపం మనకు దాదాపు కనిపించదు. అయినా నా ఓటు దీనికే. జూలియన్‌ను చూసి 'నేను అలాంటివాణ్ణి కాను' అనుకోవచ్చు. ఈ క్లాసులో ఎవరికీ ఆ వీలుండదు.

దోషి దొరికాక క్లాసంతా ఇషిదా మీద పడుతుంది. అతని బల్ల నిండా తిట్లు రాస్తారు. ఒకరోజు షోకో ఆ బల్ల దగ్గర కనిపిస్తే ఇషిదా ఆమెతో కలబడతాడు. ఆమె బడి మారిపోయాక బల్ల మీద తిట్లు అలాగే మిగిలిపోతాయి. ఇన్నాళ్లూ వాటిని గుడ్డతో తుడిచింది షోకో అని అప్పుడు తెలుస్తుంది.