గద్దలకు అనుమతి అక్కర్లేదు

వలకు కట్టే సీసం గుళ్లు పావుకిలో ఇమ్మంటే, ఫిషింగ్ హార్బర్ దగ్గర దుకాణదారు "ఏ వలకండీ?" అన్నాడు. "విమానానికి" అన్నాను. తూకం వేసి ఇచ్చాడు గానీ డబ్బులు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

నాది ఇంజన్ లేని విమానం, రేడియోతో నడిపే గ్లైడర్. రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 2 మీటర్లు. తోకలో కదిలేవి రెండే: పక్కకు తిప్పే రడ్డర్, ముక్కును పైకీ కిందకీ చేసే ఎలివేటర్. రెక్కల కొసలు కాస్త పైకి వంగి ఉంటాయి, ఒక పక్కకు ఒరిగినా దానంతటదే సర్దుకోవడానికి. నిజానికి గ్లైడర్ ఎగరదు, నెమ్మదిగా పడుతుంది. ఒక మీటరు దిగేలోపు పది పన్నెండు మీటర్లు ముందుకు సాగిందంటే మంచి పాటే.

ఆ పాటు తిన్నగా ఉండటానికే సీసం. నా రెక్క వెడల్పు 20 సెంటీమీటర్లు. ముందంచు నుంచి మూడో వంతు దగ్గర అడుగున రెండు వేళ్లు ఆనిస్తే త్రాసుకాడలా నిలవాలి. నాది తోక మీద కూలబడింది. ముక్కులో ఒక్కో గుండూ వేస్తూ, ఎత్తి చూస్తూ, భోజనాల బల్ల దగ్గర రెండు సాయంత్రాలు గడిపాను. "ఉప్పు సరిపోయిందా?" అంది మా ఆవిడ. 1890ల్లో జర్మనీలో ఒట్టో లిలియంతాల్ గ్లైడర్‌కు వేలాడుతూ, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపి చేసుకున్నదీ ఈ సర్దుబాటే. 1896లో గాలి ముక్కు ఎత్తేసినప్పుడు ఆ ఊపు చాలక కిందపడి ప్రాణం పోగొట్టుకున్నాడు. నాకు పోయేది గ్లైడర్ చేసిన ఫోమే కదా అని ధైర్యం.

విమానం కుదిరింది. ఇక ఆకాశం కావాలి. విశాఖలో అదే దొరకదు.

సాయంత్రం కైలాసగిరి ఎక్కి చూడండి. సముద్రపు గాలి కొండకు కొట్టుకుని పైకి లేస్తుంది. ఆ గాలి మీద గద్దలు రెక్క ఆడించకుండా నిలబడిపోతాయి. గ్లైడర్‌కు అంతకన్నా మంచి చోటు ఉండదు. కానీ మన విమానాశ్రయం రన్‌వే నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాది. రేడియో గ్లైడర్‌కూ వర్తించే 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయం చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఏదో ఒక ఆంక్ష ఉంటుంది. నౌకాదళ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్లు అనుమతి లేకుండా ఎగరేయడం నిషేధం. పోనీ భీమిలి వెళ్దామంటే అక్కడ ఐఎన్ఎస్ కళింగ. ఇంకా పైకి పోతే భోగాపురం విమానాశ్రయం. దక్షిణానికి దిగితే రాంబిల్లిలో మరో నౌకా స్థావరం. నేవీ వాళ్ల విమాన స్థావరం పేరే డేగ, కళ్లు కూడా డేగవే. నేను ఫిర్యాదు చేయట్లేదు. యుద్ధనౌకల ఊళ్లో ఆటబొమ్మ ఎగరేస్తానంటే ఎవరైనా ప్రశ్నిస్తారు.

డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై పటంలో, అనుమతి అక్కర్లేని ఆకుపచ్చ రంగు వెతుక్కుంటూ చోడవరం వైపు వెళ్లాను. సంక్రాంతి దాటింది. కోతలైపోయిన మడి, పక్కనే చెరకు తోట, దూరంగా బెల్లం వండుతున్న పొగ. మడి రైతును అడిగితే "ఏటి బాబూ, ఎగురుతాదా ఇది?" అన్నాడు. గుప్పెడు పొట్టు తీసి వదిలి, అది పోయిన వైపు చూసి, "గాలి తూర్పు నుంచొస్తంది, అటు తిరుగు" అన్నాడు. ఏళ్ల తరబడి తూర్పారబట్టిన చెయ్యి.

ముందు ట్రాన్స్‌మిటర్, తర్వాత విమానంలో బ్యాటరీ. ఆపేటప్పుడు ఈ వరస తిరగేయాలి. ట్రాన్స్‌మిటర్ మీది పుల్ల కుడికి నెడితే రడ్డర్ ఎడమకు పోయింది. ఇంట్లో నాలుగుసార్లు చూశాను, నాలుగుసార్లూ ముక్కు వైపు నిలబడి చూశాను. చూడాల్సింది తోక వెనక నుంచి. సరిచేసి, చేత్తో విసిరాను. మొదటిసారి ఆకాశంలోకి విసిరాను, ముక్కెత్తి ఆగి, దభీమని పడింది. రెండోసారి ఎదురుగా ఉన్న తాటిచెట్టు మొదలుకు గురిపెట్టి తోశాను. ఈసారి కొయ్యకాళ్ల మీదుగా చాప పరిచినట్టు పోయి కూర్చుంది.

అప్పుడు బంజీ కట్టాను: 30 మీటర్ల రబ్బరు గొట్టం, దానికి 100 మీటర్ల నైలాన్ తాడు. లాగి వదిలితే గ్లైడర్ గాలిపటంలా నిటారుగా లేచింది. పైన కొక్కెం నుంచి తాడు జారిపోయాక అంతా నా చేతిలోనే, అక్కడే చెడింది. ప్రతి ఊగుకూ నేనో దిద్దుబాటు, దానికి మరో ఊగు. విసుగొచ్చి పుల్ల వదిలేశాను. రెండు ఊగులూగి తనే కుదురుకుంది. నావైపు తిరిగి వస్తుంటే కుడి ఎడమ తారుమారు. దానికి పాతవాళ్ల చిట్కా ఒకటుంది: ఏ రెక్క వాలితే పుల్లను ఆ పక్కకే నెట్టాలి, ఒరిగిన పందిరికి గుంజ ఆనించినట్టు. చిట్కా గుర్తొచ్చేసరికి అది చెరకు తోటలో ఉంది.

మొత్తం 1 నిమిషం 10 సెకన్లు. చెరకులో వెతకడానికి ముప్పావుగంట. రెక్క కొస చిట్లింది, అతికించాను.

వచ్చే వారం ఆ మడి దున్నేస్తారట. చోడవరం, మాడుగుల వైపు ఎవరికైనా చెరకు తోట పక్కన లేని ఖాళీ మడి ఉంటే, ఈ పత్రిక చిరునామాకు ఒక ముక్క రాయండి.