ఎడారి జింక వేట: పటం మీద మొదలయ్యే పని

వడ్డాది నుంచి మాడుగుల దాటి పాడేరు ఘాటీ ఎక్కితే మన్యం. చైత్రంలో ఇటుకల పండుగ వచ్చిందంటే అక్కడి గిరిజన గ్రామాల్లో మగవాళ్లంతా కలిసి అడవికి వేటకు బయల్దేరడం తరతరాల ఆనవాయితీ. అయితే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక మన దేశంలో జింకను వేటాడటం నేరం. చట్టానికి లోబడి జరిగే జింక వేటను మొదటి నుంచి చివరిదాకా ఎలా కూరుస్తారో చూడాలంటే దేశం దాటాలి. మనవాళ్లు ఎందరో స్థిరపడిన అమెరికాలోని అరిజోనా రాష్ట్రం అందుకు తగిన చోటు. అక్కడి సొనోరన్ ఎడారిలో తిరిగే మ్యూల్ డీర్‌ను ప్రభుత్వ భూముల్లో మొదటిసారి వేటాడదలచిన మనిషి నెలల ముందు నుంచి ఒక పథకం అల్లుకుంటాడు. ఆ అల్లికలోని పనితనమే నన్ను ఆకట్టుకుంది. వేట అనగానే తుపాకీ మోత గుర్తొస్తుంది గానీ, పథకం మొత్తంలో అన్నిటికంటే చిన్న ముక్క అదే.

ముందు ఎదుటి జీవి సంగతి తెలియాలి. కంచరగాడిద చెవులంత పెద్ద చెవులుండటం వల్లే దానికా పేరు వచ్చింది. ఆ రెండు చెవులూ దేనికది తిరిగి వేర్వేరు దిక్కుల చప్పుళ్లను పట్టుకుంటాయి. తోక చివర నలుపు, పిరుదులు తెలుపు. మగజింక కొమ్ము రెండుగా చీలి, ఆ రెండు పాయలూ మళ్లీ చీలతాయి. బెదిరితే నాలుగు గిట్టలతో ఒక్కసారే నేలను తన్ని ఎగిరి, అలా గెంతుకుంటూ రాళ్ల వాలు మీదుగా వెళ్లిపోతుంది. ఎడారిలో మేత పలచన కనుక జింకలూ పలచనే. మైళ్ల కొద్దీ నడిచినా ఒక్కటీ కనపడకపోవచ్చు. అందుకే జింక ఉండని నేలను ముందుగా కొట్టేసుకుంటూ పోవడమే ఈ పథకంలో అసలు పద్ధతి.

ఆ పని అనుమతితో మొదలవుతుంది. అరిజోనా గేమ్ అండ్ ఫిష్ శాఖ రాష్ట్రాన్ని నంబర్లు వేసిన యూనిట్లుగా విడగొట్టింది. చాలాచోట్ల హద్దులు రోడ్లే కాబట్టి నేల మీద నిలబడ్డవాడు తానెక్కడున్నాడో పోల్చుకోగలడు. ఏ యూనిట్‌లో ఎన్ని జింకలను తీయవచ్చో శాఖ అంచనా కట్టి ట్యాగులు, అంటే వేట అనుమతి చీటీలు ఇస్తుంది. అడిగేవాళ్లు ఎక్కువ కాబట్టి లాటరీ తప్పదు. శరత్కాలపు తుపాకీ వేటకు మామూలుగా జూన్ మొదట్లో గడువు ముగుస్తుంది.

ఈ లాటరీ యంత్రాంగం నిలబడి చూడదగ్గది. ట్యాగు దక్కని ఏడాదికి ఒక బోనస్ పాయింటు చేరుతుంది. డ్రా రోజున కంప్యూటర్ ప్రతి దరఖాస్తుదారుడికి ఒక సంఖ్యను, అతనికున్న ప్రతి పాయింటుకు మరొక సంఖ్యను ఏ వరుసా లేకుండా తీస్తుంది. వాటన్నిటిలో చిన్నదే అతని సంఖ్య. చిన్న సంఖ్య వచ్చినవాళ్లకు ముందు వంతు. ఏళ్లుగా ఎదురుచూసినవాడికి చిన్న సంఖ్య పడే అవకాశం పెరుగుతుంది, అయినా కొత్తవాడికి తలుపు మూసుకుపోదు. ఇదిగాక 20 శాతం ట్యాగులను బాగా పాయింట్లు పోగైనవాళ్ల కోసం మొదటి విడతలోనే పక్కన పెడతారు. దరఖాస్తులో ఐదు ఎంపికలు రాసుకోవచ్చు. మొదటి రెండింటిని ఒక విడతలో, మిగతా మూడింటిని ఆ తర్వాతి విడతలో చూస్తారు. ఇక్కడే నేర్పు కావాలి. పేరున్న యూనిట్లను మొదటి రెండు చోట్లా రాసి, దొరికేదాన్ని మూడోచోట పెడితే, అక్కడికి వచ్చేసరికి ఆ ట్యాగులూ అయిపోయి ఉండవచ్చు. తెలివైన కొత్తవాడు తనకు దక్కగల యూనిట్‌ను రెండో ఎంపిక దాటనివ్వడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేసి శాశ్వతంగా నిలిచే ఒక పాయింటునూ సంపాదించుకుంటాడు.

మనవాళ్లకు మరో మెట్టు ఉంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండకూడదని అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్లకు అందులో మినహాయింపు ఉంది. అంటే వాళ్ల పథకంలో తుపాకీ కంటే ముందు లైసెన్సు రావాలి.

తర్వాత భూమి. ఫెడరల్ ప్రభుత్వ భూములను చూసే బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ చేతిలో ఈ రాష్ట్రంలో దాదాపు 1.2 కోట్ల ఎకరాలు ఉన్నాయి, రాష్ట్ర ట్రస్టు భూమి మరో 90 లక్షల ఎకరాల పైమాట. పటంలో బ్యూరో భూమి పసుపు, జాతీయ అడవి ఆకుపచ్చ, ట్రస్టు భూమి లేత నీలం, సొంత ఆస్తి తెలుపు. ట్రస్టు భూమిలోకి మామూలు సందర్శకుడికి పర్మిట్ కావాలి గానీ, లైసెన్సుతో వేటాడుతున్నవాడికి అక్కర్లేదు. ఆదివాసీ రిజర్వేషన్లలో ఆ జాతి ప్రభుత్వం అనుమతి వేరుగా తీసుకోవాలి. సగ్వారో నేషనల్ పార్కులో వేట పూర్తిగా నిషేధం. చక్కటి పసుపు ముక్క చుట్టూ తెలుపు కమ్ముకుని లోపలికి దారే లేని చోట్లు కూడా ఉంటాయి. అందుకే మంచి పథకం వేసేవాడి వేలు మొదట రోడ్డును వెతుకుతుంది. పటాన్ని ఫోన్‌లో దింపుకుని పెట్టుకుంటాడు, కొండల మధ్య సిగ్నల్ ఉండదు.

రంగుల తర్వాత నీళ్లు. వేటగాళ్లు, శాఖ కలిసి ఎడారి నిండా వాననీటి తొట్లు కట్టారు. వాలుగా పరిచిన తలం వానను పట్టి నేలలోని ట్యాంకులోకి పంపుతుంది, జంతువులు మూతి పెట్టి తాగేందుకు ఒక వైపు తొట్టి తెరిచి ఉంటుంది. ఎండ నేరుగా తగలని ట్యాంకులో నీరు ఆవిరవడం తక్కువ. కరువు ముదిరితే ట్యాంకర్లతో నీళ్లు మోసుకెళ్లి నింపుతారు. తుపాకులు, తూటాల మీది పన్ను 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకే చేరుతుంది. వేటాడేవాడి డబ్బుతో వేటాడబడే జీవి బతికే ఏర్పాటు ఇది. దీన్ని నేను మనసారా గౌరవిస్తాను. ఆ తొట్ల దగ్గర పావుమైలు లోపల గుడారం వేసి జంతువులను నీళ్లకు దూరం చేయకూడదన్న నియమమూ ఉంది. చెట్లకు కట్టే ట్రైల్ కెమెరాలను వేటకు వాడటాన్ని 2022 జనవరి నుంచి అరిజోనా నిషేధించింది. ఇక మిగిలింది కళ్లే.

ఆ కళ్లతో చేసే పని ఎంతో ఓపికైనది. నీటి తొట్టి, దాని చుట్టూ వాగు గట్ల మీద పాలోవర్డే, ఐరన్‌వుడ్ చెట్ల నీడ, ఆ వాగులన్నీ కనిపించే ఒక గుట్ట: ఈ మూడూ కలిసే చోటును పటంలో ముందే గుర్తు పెట్టుకుంటారు. ఉదయం సూర్యుడు వీపు వెనక ఉండేట్టు గుట్టను ఎంచుకోవాలి. చీకటి ఉండగానే పైకెక్కి, బైనాక్యులర్‌ను త్రిపాది మీద బిగించి కూర్చుంటారు. చేతిలో పట్టుకుంటే చూపు వణుకుతుంది, ఆ వణుకులో చెవి కదలిక కరిగిపోతుంది. కలుపు తీసే కూలీలు మునుం పట్టి సాగినట్టు వాలును పైనుంచి కిందికి పట్టీలు పట్టీలుగా వెతుకుతారు. మొత్తం జింక ఎప్పుడూ కనపడదు. నిలువు మోడుల మధ్య ఒక అడ్డగీత, కొమ్మల్లో ఒక చెవి, నీడలో తెల్లటి పిరుదు కనిపిస్తాయి. ఎండ ముదిరేలోపు జింకలు వాగు నీడకు చేరి పడుకుంటాయి. ఏ పొద కింద పడుకున్నదీ చూసి పెట్టుకుంటే, మధ్యాహ్నం ఆ నీడ జరిగినప్పుడు జింక లేచి జరగడమూ చూడవచ్చు.

దగ్గరికి వెళ్లే దారిని గాలి నిర్ణయిస్తుంది. తెల్లవారుజామున చల్లబడ్డ గాలి వాలు వెంట కిందికి దిగుతుంది. ఎండ తగిలి నేల వేడెక్కాక అదే గాలి పైకి లేస్తుంది. కాబట్టి పొద్దున కింది నుంచి, ఎండెక్కాక పై నుంచి రావాలి. మధ్యలో గాలి మనసు మార్చుకునే ఒక గంట ఉంటుంది. తెలిసినవాళ్లు ఆ గంట కదలరు. సన్నటి పొడిని డబ్బాలోంచి చిమ్మి అది ఎటు పోతుందో చూస్తూ కూర్చుంటారు.

చివరి లెక్క మాంసానిది. అక్టోబరు చివర, నవంబరులో కూడా ఎడారి పగలు వేడిగానే ఉంటుంది. మగజింక పడగానే ట్యాగు కట్టి, వెంటనే తోలు ఒలిచి, తొడలు, భుజాలు విడదీసి, గాలాడే గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీస్తారు. బండిలో ఐసు పెట్టెలు సిద్ధంగా ఉండాలి. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, తిరుగు ప్రయాణంలో వీపు మీద మాంసం బరువు, రాళ్ల వాలు. ఇవన్నీ కలిపి బండి నుంచి ఎంత దూరం వరకు పోవచ్చో ఇంటి దగ్గరే లెక్కగట్టి, పటంలో దాని చుట్టూ గీత గీస్తారు. ఆ గీతకు అవతల ఎంత గొప్ప కొమ్ములున్న జింక కనిపించినా తుపాకీ ఎత్తకూడదని కూడా అక్కడే రాసుకుంటారు.