గోడమీది గురువులు

మన గుంటూరు, ఒంగోలు వైపు ఆర్టు గాలరీ అంటే మనుషులు కాస్త బెదురుతారు గాని, పటాలు కట్టే కొట్టు తెలియనివాళ్ళు లేరు. సత్యనారాయణస్వామి, కాలం చేసిన మావగారు, అమ్మాయి డిగ్రీ పట్టా, అబ్బాయి పెళ్ళి ఫోటో - అన్నీ చేరేది అక్కడికే. బీడింగు ముక్కల్ని మూలకి మూల కలిసేట్టు ఏటవాలుగా కోసి, అద్దం బిగించి, వెనక అట్ట పెట్టి, చిన్న మేకులు కొట్టి, కొక్కెం తగిలించి చేతికిస్తారు. అంతదాకా కూర్చోమని మనకో స్టూలు వేస్తారు. ఆ స్టూలు మీద కూర్చుని గోడలకేసి చూడండి. అదే మన గాలరీ. టిక్కెట్టు కూడా లేదు.

ఆ గోడలమీద ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారో వరసలు కలుపుకుంటూ కూర్చోవటం నాకు సరదా. పెళ్ళివారింట్లో చుట్టరికాలు కలుపుకోవటం లాంటిదే. అందరికంటే పైన తామరపువ్వులో లక్ష్మి. రవివర్మ 1894లో బొంబాయిలో అచ్చు యంత్రం పెట్టి, దేవతలకి చీరలు కట్టి మన వంటిళ్ళ దాకా పంపించాడు. ఆ పక్కన కాలెండరు దేవుళ్ళు. వాళ్ళ వంశానికి మూలపురుషుడని చెప్పదగ్గవాడు తమిళదేశంలో కోవిల్‌పట్టి కొండయ్యరాజు. ఆయన నాటక కంపెనీలకి తెరలు చిత్రించినవాడు. ఈ సంగతి తెలిశాక ఆ సుబ్రహ్మణ్యేశ్వరుణ్ణి మళ్ళీ చూడండి. వెనక కొండలూ, జలపాతమూ అచ్చం నాటకం తెరే! దేవుడు దీపాల వెలుగులో ముందుకొచ్చి నిలబడ్డట్టుంటాడు. ఇందులో వెక్కిరింత ఏమీ లేదు. భక్తికి రంగస్థలం పనికిరాదని ఎవరన్నారు?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం వడ్డాది పాపయ్యగారి సంగతి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన ఆయన ఏ పేరున్న ఆర్టు స్కూల్లోనూ చదవలేదు. తండ్రిగారి దగ్గర చూసి నేర్చుకున్నారు. ఇంట్లో గోడమీద రవివర్మ కోదండరాముడి పటం వేలాడుతుండేదట. అది చూసి పసితనంలోనే ఆంజనేయుడి బొమ్మ వేశారట. తరవాత ‘చందమామ’, ‘యువ’ పత్రికల ముఖచిత్రాలు మన తరానికి ఎన్ని కలలిచ్చాయో మీకు నేను చెప్పాలా? ఆ బొమ్మల్లో వెన్నెల కూడా పసుపు రాసుకున్నట్టుంటుంది. ఇంతకీ ఆ పటం ఎవరు కొన్నారో, ఏ కొట్లో కట్టించారో, ఎవరు మేకు కొట్టి తగిలించారో! ఇంటికి ఏదో ఒక దేవుడు ఉండాలని తెచ్చి ఉంటారు. దాని కింద ఒక చిత్రకారుడు తయారవుతున్నాడని వాళ్ళకేం తెలుసు?

ప్రేరణ అంటే ఏకాంతంలో మెరుపులా వచ్చేదని విమర్శకులు రాస్తుంటారు. నాకలా కనిపించదు. చాలామందికి అది నాలుగు మేకుల మీద వేలాడుతూ వస్తుంది.

ఇక బాపు. తమిళ చిత్రకారుడు గోపులుని తన గురువుగా చెప్పుకున్నారాయన. గురువుగారి గీత శిష్యుడి చేతిలో గోదావరి ఒడ్డుకొచ్చి తెలుగు నేర్చుకుంది. ఎక్కడ ఆపాలో అంతగా తెలిసిన గీత మరొకటి నేను చూడలేదు. ఆయన 2014లో వెళ్ళిపోయినా ఆ అమ్మాయికి మాత్రం వయసు మీదపడలేదు. చిక్కేమిటంటే, బొమ్మని చూసి మనిషిని మెచ్చుకునే అలవాటు మనకి పట్టుకుంది. పెళ్ళిచూపుల్లో “పిల్ల బాపు బొమ్మలా ఉందండీ” అన్నారంటే, అలా లేని పిల్ల తలొంచుకోవాల్సిందే. దోషం బాపుది కాదు, మనది. నా నవల్లో స్పిన్నింగు మిల్లులో పనిచేసే నాయిక జుట్టు కత్తిరించుకుందని రాస్తే, పత్రికలో వేసిన బొమ్మకి మోకాళ్ళ దాకా జడ! ఆ పత్రికా, ఆ చిత్రకారుడూ ఎవరో చెప్పను లెండి.

తోట వైకుంఠం పద్ధతి వేరు. కరీంనగర్ వైపు బూరుగుపల్లిలో 1942లో పుట్టారు. బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. అంత చదివీ చివరికి తిరిగొచ్చింది అమ్మ దగ్గరికీ, ఊళ్ళో ఆడవాళ్ళ దగ్గరికీ, నాటకాల్లో ఆడవేషం కట్టే మగవాళ్ళ దగ్గరికీ. ఆ చివరి మాట మరిచిపోకండి. ఆ నిండు బొట్టూ, ఆ దిట్టమైన భుజాలూ, ఆ తొణకని చూపూ అందుకే అలా ఉంటాయి. వేషం కట్టిన హుందాతనం అది. కొట్లలో దొరికే నకళ్ళలో బొట్టు పెద్దదవుతుంది, ముక్కెర మెరుస్తుంది, భుజాల్లో బరువు మాత్రం జారిపోతుంది. అమ్మని వదిలేసి అమ్మ చీర మాత్రం తెచ్చుకున్నట్టు.

మరి మన మిరప, పత్తి నేలలో ఏమీ లేదా? తుమ్మపూడిలో కూర్చునే సంజీవదేవ్‌గారు హిమాలయాల గురించీ, రోరిక్ రంగుల గురించీ మనలాంటివాళ్ళకి అర్థమయ్యేట్టు రాశారు. ‘మాయాబజార్’కి కళాదర్శకులైన మాధవపెద్ది గోఖలే ఈ వైపు మనిషే. ఇంకా వెనక్కి వెళితే అమరావతి ఉండనే ఉంది. నలగిరి ఏనుగు శిల్పం చూశారా? గుండ్రటి చట్రంలో ఒక పక్క జనాన్ని తొక్కుకుంటూ వచ్చే మదపుటేనుగు, మరోపక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మేడ కిటికీల్లోంచి తొంగిచూసేవాళ్ళు, భయంతో పక్కవాళ్ళని కరుచుకుపోయినవాళ్ళు. కథ రాజగృహానిది గాని, ఆ గగ్గోలు మన కృష్ణ ఒడ్డు వీధిలోది కాదని ఎవరనగలరు? రాయి చెక్కినవాడు వీధిని చూశాడు, చూసినదాన్ని చట్రంలో ఇమిడ్చాడు. ఆ శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. దాని ఫోటో ఒక్కటి కూడా నేను ఏ పటాల కొట్లోనూ చూడలేదు. స్విట్జర్లాండు కొండలు మాత్రం కావలసినన్ని.

ఈమధ్య గుంటూరులో ఒక కొట్లో, కాలెండరు దేవుళ్ళకి బాగా కిందుగా, ఒక నీటిరంగుల బొమ్మ చూశాను. ఎవరో డ్రాయింగు మాస్టారు వేసింది. కోల్డు స్టోరేజి ఆవరణలో నలుగురైదుగురు ఆడవాళ్ళు గోతాలమీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నారు. ఏటా మాఘ ఫాల్గుణాల్లో పేపరువాళ్ళు వేసే ఎర్రతివాచీ ఫోటోలాంటిది కాదు. ఆ కాయ ఎండినకొద్దీ నలుపు తిరిగే ఎరుపుని మాస్టారు పట్టుకున్నారు. వేళ్ళు బాగా కుదిరాయి. మంట ఓర్చుకునే వేళ్ళు వంగే తీరే వేరు. నేలమీది నీడలు మాత్రం తొందరపడి పులిమేశారు, గోతాలకి బరువు లేదు.

ముఖాలు లేవు. ఘాటుకి ముక్కూ నోరూ చుట్టుకున్న పైటకొంగులూ, తువ్వాళ్ళూ, పైన కళ్ళు. బొట్టు కూడా గుడ్డకిందికి పోయింది. రవివర్మ దగ్గర్నించీ వైకుంఠం దాకా ఆడదాని ముఖమే ఆధారమైన మన బొమ్మల వంశంలో ఇది ఎవరి వేలూ పట్టుకోకుండా నడిచిన బిడ్డ.

కొట్టువాడు దానికి ఎర్ర వెల్వెట్టు అంచు వేసి, బంగారు రంగు ప్లాస్టిక్ ఫ్రేము కట్టాడు. ఆ అంచు పక్కన కాయల ఎరుపు చచ్చిపోయింది. “ఇది అమ్ముడుపోదా బాబూ?” అన్నాను. “అడుగుతున్నారమ్మా, ముఖాలు కనపడట్లేదని వదిలేసి పోతున్నారు” అన్నాడు. వెల్వెట్టు తీసేసి సన్నటి టేకు బీడింగు, తెల్ల అట్ట వేసివ్వమన్నాను. అలా అయితే పూజగదిలో బాగుండదేమో చూసుకోమన్నాడు. పిల్లలు చదువుకునే బల్లకి ఎదురుగా పెడతానని చెప్పి, కొలతలు రాయించి వచ్చాను.