‘వాడు’ ఎవరి మాట? – ప్రసంగ తర్జుమాలో తెలియని పక్షపాతం

ప్రసంగాలు తర్జుమా చేసేవారిని అడిగితే వచ్చే జవాబు దాదాపు ఒకటే: “ప్రసంగీకుడు చెప్పిందే చెప్పాము, సొంతం ఏమీ కలపలేదు.” మేమూ చాలాకాలం అలాగే అనుకున్నాము. అయితే తెలుగు మనకు ఆ వీలు ఇవ్వదు. ఇంగ్లీషు ‘హీ’ అనే ఒక్క మాటకు వాడు, అతడు, ఆయన అనేవాటిలో ఒకటి ఎన్నుకొని తీరాలి. ఆ ఎంపిక ప్రసంగీకునిది కాదు, మనది. ఆలోచించే వ్యవధి లేనప్పుడు దానిని చేసేది మనం పెరిగిన వీధి, మన ఇంటి అలవాటు.

యోహాను సువార్తలో 3వ అధ్యాయపు నీకొదేమును, 9వ అధ్యాయపు పుట్టు గ్రుడ్డివానిని పక్కపక్కన పెట్టి చూద్దాం. గ్రీకు మూలంలో ఇద్దరికీ అదే ప్రథమ పురుష ఏకవచనం. మర్యాద భేదం లేదు. మన సంఘాలు చదివే పాత తెలుగు బైబిలులో మాత్రం యూదుల అధికారి ‘అతడు’, భిక్షకుడు ‘వాడు’. ఆ అనువాదకులను నిందించడం తొందరపాటు. పాత గద్యంలో ‘వాడు’ ప్రతిచోటా తిట్టు కాదు. కానీ ఒకే గ్రంథంలో ఇద్దరికి రెండు మాటలు పడ్డాయంటే హోదా కొలత ఒకటి లోపలికి వచ్చిందని ఒప్పుకోక తప్పదు.

ఇది మర్యాదతో ఆగే విషయం కాదు, వ్యాఖ్యానాన్నే చెరుపుతుంది. 9:29లో పరిసయ్యులు యేసును గూర్చి తృణీకారంగా మాట్లాడతారు. అక్కడ ‘వీడు’ అనడమే సరైన తర్జుమా. ‘ఈయన’ అంటే వారి తిరస్కారాన్ని మనం కప్పిపెట్టినట్టే. 9:34లో స్వస్థత పొందిన మనిషిని పాపి అని అవమానించి వెలివేస్తారు. ఆ చిన్నచూపు వారిది. మొదటి వచనం నుంచే కథకుని నోట మనం ‘వాడు’ పలికిస్తే, వెలివేసినవారి చూపుకూ సువార్తికుని చూపుకూ తేడా వినేవారికి ఎలా తెలుస్తుంది?

కొన్నేళ్ల క్రితం ఒక గ్రామ సంఘంలో ఈ అధ్యాయం మీదే ఒక విదేశీ అతిథి ప్రసంగానికి మేము తర్జుమా చేశాము. ఆరాధన అయ్యాక ఒక పెద్దాయన మెల్లగా అడిగారు: “అయ్యగారూ, ఆ దొరగారు కూడా ఆ గుడ్డాయన్ని వాడు అనే అన్నారా?” లేదు, మేమే అన్నాము. ఊరి పెద్దల నోట జీవితమంతా ‘ఒరేయ్’ అనిపించుకొన్న మనిషి ఆయన.

వేదిక ఎక్కాక దీనిని సరిదిద్దుకోవడం కుదరదు. అప్పటి నుంచి వాక్యభాగాన్ని ముందే అడిగి తీసుకొని, అందులో ప్రతి వ్యక్తికీ వాడవలసిన సర్వనామాన్ని కాగితం మీద రాసుకొంటున్నాము. కథనంలో అందరికీ ఒకే మెట్టు: అతను, ఆమె. పాత్రలు మాట్లాడినప్పుడు వారి కోపం వారికే. మరి యేసును ‘ఆయన’ అనడం పక్షపాతం కాదా అని ఒక విద్యార్థి అడిగాడు. అది మన విశ్వాస ఒప్పుకోలు, తెలిసి చేసే ఎంపిక. మా బెంగ తెలియక చేసేవాటి గురించి.

కాగితం చేతిలో ఉన్నా నాలుక జారుతూనే ఉంది. మొన్న రికార్డింగు విన్నప్పుడు లూకా 18లో పరిసయ్యుడు ‘అతను’, సుంకరి ‘వాడు’ అయిపోయారు. అది పట్టుకొన్నది మేము కాదు, పక్కన కూర్చొని విన్న విద్యార్థిని.