పదగణనము - భావనిర్ణయము

అంతర్జాలమున జనులు మెలగు తీరును గూర్చిన పరిశోధనలు నానాటికి పెరుగుచున్నవి. పరిశోధకుడు కొలిచినది యొకటి, పత్రికలు చాటునది వేరొకటి యగుట తరచుగా గానవచ్చును. ఈ యంతరము నొక ప్రసిద్ధోదాహరణముతో పరిశీలించుట యీ వ్యాసోద్దేశము.

2012 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థ 6,89,003 మందికి కనబడు మిత్రుల వ్రాతలలో కొందరికి సంతోషసూచకములను, కొందరికి విషాదసూచకములను ఒక వారము తగ్గించి, పిమ్మట వారు వ్రాసిన మాటలను లెక్కించెను. ఫలితము 2014లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడినది. ప్రత్యేకముగా సమ్మతి గోరకుండుటను పలువురు నిరసించిరి, అది న్యాయమే. కాని మనోభావములనే శాసింపగలరని వ్యాఖ్యాతలు బెదరిన ఆ భేదమెంత? వేయి మాటలకు సుమారొక మాట! జనసంఖ్య మిక్కుటమైనచోట స్వల్పభేదమును గణనీయమే యని పరిశోధకులు వాదించిరి. కావచ్చును. అయినను అది మాటల భేదము. మనస్సుల భేదమని యెట్లు నిశ్చయింతుము?

వారి పద్ధతిలో సంతోషపదమొక్కటి యున్నను అది సంతోషపు వ్రాతయే. ఇది అభిధను దాటని లెక్క. వ్యంగ్యార్థమును ఆనందవర్ధనుడు ఏనాడో వేరుగా నిరూపించెను. 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71 అడుగులు దాటినపుడు, ఇల్లు మునిగినవాడు "బాగున్నది మా బ్రతుకు" అని వ్రాసియుండినచో, ఇట్టి గణన దానిని సంతోషమున జమకట్టును.

ఖమ్మము దాటి భద్రాచలపు అడవి అంచులకు బోయినచో వేరొక చిక్కు గలదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున 15-49 ఏండ్ల స్త్రీలలో అంతర్జాలము నెన్నడైన వాడినవారు 26.5 శాతమే. ఇంటిల్లిపాది యొకే ఫోను వాడు కుటుంబమును, కోయభాషలో తలపోసి తెలుగున వ్రాయు యువకుని, విని నవ్వి యేమియు వ్రాయని ముసలమ్మను ఏ లెక్కలో జేర్తుము? వ్రాసినవారి మాటలనే లోకాభిప్రాయముగా బ్రకటించినచో, వ్రాయనివారి మౌనము సమ్మతిగా గణింపబడును. కొండరెడ్లను గూర్చి 1945లో గ్రంథము ప్రకటించిన హైమెండార్ఫ్ వారి నడుమ నుండి వ్రాసెను. ఎవరిని జూచి వ్రాసెనో పాఠకునకు దెలియును.

ఇట్టి పరిశోధన వ్యర్థమనుట నా మతము కాదు. ఎవరిని గొలిచిరి, దేనిని గొలిచిరి, భేదమెంత - ఈ మూడింటికి ఉత్తరమీయని వార్త ప్రమాణము కాజాలదు. మాటవెనుక మనస్సు నెరుగు విద్య తెలుగు శాఖలకు క్రొత్త కాదు. దానిని ఈ క్రొత్త వ్రాతలపై ప్రయోగించుట మన కర్తవ్యము.