అగ్నిజలముల వైరము

నిప్పునకును నీటికిని పుట్టుకతోడి పగ యనుట మన పద్యములలో పాతబడిన మాట. అది పద్యములనుండి వాచకములలోనికి దిగినది. 'నీరు' అను పదమునకు వ్యతిరేకపదము వ్రాయుమనగా బాలురు 'నిప్పు' అని వ్రాయుదురు. ఉపాధ్యాయులు మార్కులును వేయుదురు. ఈ పోలికను సాహిత్యదృష్టితోడను, వంటింటి క్షేమమును దలచియు నొకసారి పరీక్షింపవలసి యున్నదని మా యభిప్రాయము.

సంస్కృతమున వ్యవహార మింత సుళువుగా లేదు. అమరసింహుడు అగ్నికి చెప్పిన పేళ్లలో 'అప్పిత్తము' ఒకటి. నీటియొక్క పిత్తమని యర్థము. 'కృపీటయోని' మఱియొకటి. కృపీటమనగా జలము. తత్పురుషముగా విడదీసిన అగ్ని జలమునకు జన్మస్థాన మగును. బహువ్రీహిగా విడదీసిన జలమే అగ్నికి జన్మస్థాన మగును. తైత్తిరీయోపనిషత్తు అగ్నినుండియే జలము పుట్టినదని చెప్పును. పూర్వు లీ రెంటికిని చుట్టరికము కలిపిరి. మన పద్యకవులకు బడబానలము తెలియకపోలేదు గాని, దానిని వర్ణించునప్పుడును వైరమునకు అపవాదమైన వింతగానే చూపుదురు.

ఇంతమాత్రముచేత అమరసింహునకు రసాయనశాస్త్రము తెలియునని వాదించువారితో మేము ఏకీభవింపము. నీరు మూలభూతము కాదని ఫ్రాన్సున లావోయిజే 1783లో ప్రకటించెను. ఉదజని మండగా నీరు పుట్టుటను గూర్చిన తన పరీక్షలను ఇంగ్లండున కావెండిషు 1784లో ప్రకటించెను. తూనికలతో సాధించిన సత్యము వేఱు, సొంపైన పేరు వేఱు. అయినను పేరు చక్కగా కుదిరినది. చల్లని గిన్నెను గ్యాసు పొయ్యిపై నుంచిన వెంటనే అడుగున చెమ్మ పట్టును గదా! ఆ చెమ్మ మంటలో పుట్టిన నీరే.

ఇక చల్లార్చుట మాట. నీరు వేడిమిని త్రాగి నిప్పు నార్పును. 30 డిగ్రీల వేడి గల గ్రాము నీటిని మరుగుటకు తెచ్చుటకు 70 కెలోరీలు చాలును. మరిగిన యా నీరు ఆవిరి యగుటకు మఱి 540 కావలెను. కట్టెల మంట ఈ నష్టమునకు తాళలేదు. మండు నూనె వద్ద కథ తాఱుమాఱగును. ఆ నూనె వేడి నీటి మరుగుమట్టమును ఎన్నడో దాటియుండును. నీరు నూనెకన్న బరువు గనుక అడుగునకు దిగి, క్షణములో ఆవిరియై, ఇంచుమించు 1,700 రెట్లు పొంగి, మండుచున్న నూనెను నలుదెసల చిమ్మును. పొయ్యి కట్టివేసి, బాణలిపై మూత పెట్టి, చల్లారువఱకు కదల్పక విడుచుట తగిన పని. కాని పగ పాఠము చదివిన చేయి మొదట చెంబునకే పోవును. అదే చేయి, వ్రేలు కాలినప్పుడు మాత్రము నీరు తగిలిన బొబ్బ లెక్కునని వెఱచి సిరాయో పండ్లముద్దయో పూయును! కాలినచోట 20 నిమిషములు చల్లని కుళాయినీరు పాఱనిచ్చుట వైద్యులు చెప్పు తొలి యుపచారము, మంచుగడ్డ పనికిరాదు.

కవులు తమ పోలికను మానవలెనని మేము కోరము. మా మనవి వాచకకర్తలకు: వ్యతిరేకపదముల పట్టికనుండి ఈ జంటను తొలగించి, ఆ చోట బాణలి పాఠ మొకటి చేర్పుడు. కృపీటయోని శబ్దమునకు రెండు విగ్రహవాక్యములును చెప్పుమని పై తరగతివారి నడుగవచ్చును.