కుంచము ఎవరి చేతిది?

గ్రామాభివృద్ధి పైనుండి దిగిరావలెనా, క్రిందినుండి పెరిగిరావలెనా యను వాదము 1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైన నాటినుండియు మన దేశమున సాగుచునే యున్నది. ఆ పథకము ప్రజలలో చొరవను మేల్కొల్పజాలలేదని 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము తేల్చి, మూడంచెల పంచాయతీ వ్యవస్థను సూచించెను. వ్యవస్థ వచ్చినది గాని వాదము తీరలేదు. జహీరాబాదు పరిసరముల మెట్టసేద్యమును చాలకాలముగా గమనించుచున్న నాకు, ఇరుపక్షములవారును దిక్కును గూర్చియే తగవులాడుచు, కొలతను గూర్చి అడుగుట మరచిరేమో యని తోచును.

1983వ సంవత్సరమున రెండు సంగతులు జరిగినవి. రాష్ట్రమున ఎన్.టి. రామారావు ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును ప్రవేశపెట్టెను. అదే యేట జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వెలసి, క్రమముగా పల్లెపల్లెను దళిత స్త్రీల సంగములను నెలకొల్పెను. చవుక బియ్యము ఎందరి ఆకలినో తీర్చిన మాట నిజము. దానిని తేలికచేసి మాటలాడుట కడుపు నిండినవానికే చెల్లును. అయినను, మాగాణి సీమల గింజ కార్డుపై ఇంటికి వచ్చుచుండగా, వానను మాత్రమే నమ్ముకొన్న జొన్నచెలకలు పడావుపడుట ఇచటివారికి చింతాకారణమైనది. ఏలనన చెలకతోపాటు కూలిపనియు, పశువుల మేతయు, ఇంటి విత్తనమును పోవును.

1990ల మధ్యకాలమున సంగములు దీనికి కనిపెట్టిన విరుగుడు పరిశీలింపదగినది. పడావు భూములు గల చిన్నరైతులకు దుక్కికి, ఎరువుకు, విత్తనమునకు ముందుగా సొమ్మిచ్చి, ఆ అప్పును జొన్నల రూపమున రాబట్టి, ఆ గింజను ఆ ఊరనే నిలువచేసి, వానకాలపు కరవునెలలలో పేదలకు చవుకగా అమ్మిరి. పేదలెవరో తేల్చుటకు కచేరీనుండి జాబితా రాలేదు. ఊరివారే నేలపై రంగులముగ్గుతో ఇండ్లన్నిటిని గీచి, ఎవరికెంత చెలక గలదు, ఎవరి ఇంట తినునోళ్ళెన్ని, కష్టము చేయగల చేతులెన్ని యని పదిమంది యెదుట విచారించి, ఒక్కొక్క ఇంటికి తరగతిని నిర్ణయించిరి. ఏ ఆదాయ ధ్రువపత్రమును చెప్పజాలని సంగతులు ఆ ముగ్గు నెదుట దాగవు. ఒకరు పొరపాటు పలికిన తక్షణమే ప్రక్కింటి యామె దిద్దును. ఈ పనికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయు తోడ్పడెను గనుక, ఇది కేవలము క్రిందినుండి జరిగినదనుట సత్యము కాదు. సొమ్ము పైనుండి వచ్చినది, కుంచము మాత్రము ఊరి స్త్రీల చేత నిలిచినది.

పల్లె చొరవ యొక్కటియే చాలునని నమ్మువారు జహీరాబాదు ప్రాంతపు మాచనూర్ గ్రామమున ఈ సంగముల రేడియో కథను వినవలెను. ఆకాశతరంగములు ప్రజల సొత్తని సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పెను. 1998 నాటికే యునెస్కో సాయముతో అచట స్త్రీల రేడియోకు కట్టడమును పరికరములును సిద్ధమైనవి. వారు కూర్చిన కార్యక్రమములు క్యాసెట్లలో సంగములకు వినిపింపబడుచుండెను. అయినను స్వచ్ఛంద సంస్థలకు అనుమతినిచ్చు విధానము ఢిల్లీనుండి 2006లో గాని వెలువడలేదు; సంగం రేడియో ప్రసారము 2008 అక్టోబరులో గాని మొదలు కాలేదు. ఆ పదేండ్లును లోపించినది పల్లె చొరవ కాదు, పై యనుమతి.

మరియొక సంగతి. సంగములకు చిరకాలము సారథియై 2023 మార్చిలో కీర్తిశేషులైన పి.వి. సతీశ్ మైసూరున పుట్టి, దూరదర్శనున పనిచేసి ఇచటికి వచ్చినవారు. అనగా క్రిందినుండి వచ్చినదని మనము మెచ్చుకొను యత్నమునకు సైతము వెలుపలి చదువరుల చేయూత కావలసివచ్చినది. ఊరిలోపలనే పైమెట్టును క్రిందిమెట్టును ఉండగా, గ్రామసభ యన్నంత మాత్రమున అది క్రిందివారి గొంతు కాజాలదు. దళితస్త్రీలకు ప్రత్యేకముగా సంగమేల యని యడుగువారికి ఇదియే సమాధానము.

నేడు న్యాలకల్, ఝరాసంగం మండలములలో నిమ్జ్ అని అందరును పిలుచు పారిశ్రామిక మండలము 12 వేల ఎకరములకు పైబడి తలపెట్టబడినది. ఉద్యోగముల ఆశ మిథ్య యని నేననను. యువకులు కర్మాగారమును కోరుట నేరము కాదు. కాని ఏ భూమి సారవంతము, ఏది నిష్ప్రయోజకము, ఎవరు నష్టపోవుదురు అను జాబితాను వ్రాసినదెవరు, దానిని ఎవరి యెదుట చదివిరి, అందొక పంక్తిని కొట్టివేయు హక్కు ఎవరికి గలదు? ఈ మూడు ప్రశ్నలను సర్కారు కాగితమునకును వేయవలెను, స్వచ్ఛంద సంస్థ కాగితమునకును వేయవలెను. జవాబు ఊరిలో దొరికినచో, పథకము ఢిల్లీలో పుట్టినను నాకు అభ్యంతరము లేదు.